చెప్పులు విప్పక్కర్లేని గుడి: జపాన్‌లో జింజాకు ఎలా వెళ్లాలి

టోక్యోలో మొదటిసారి మెయిజీ జింగూకి వెళ్లినప్పుడు నేను చేసిన మొదటి పని చెప్పుల స్టాండు వెతకడం. కనిపించలేదు. గుడికి చెప్పులతో వెళ్లడమేమిటని ఓ చెట్టు మొదట్లో విడిచేసి, దారి పొడుగునా పరిచిన గులకరాళ్ల మీద పది అడుగులు వేశాను. పదకొండోది వేయలేకపోయాను. పొడుగాటి చీపురుతో ఆకులు ఊడుస్తున్న ఒకాయన నన్ను చూసి నవ్వు ఆపుకుంటూ నా చెప్పులవైపు చెయ్యి చూపించాడు. వెనక్కి వెళ్లి తొడుక్కొచ్చాను.

మన గుడి అలవాట్లలో సగం అక్కడ చక్కగా పనికొస్తాయి, మిగతా సగం తికమక పెడతాయి. ఏది ఎక్కడ పనికొస్తుందో తెలియాలంటే ఒక్కసారి మొదట్నించి చివరిదాకా నడిచి చూడాలి. మెయిజీ జింగూ దారినే పట్టుకుని చెబుతాను. హరాజుకు స్టేషన్‌లో దిగితే పక్కనే ఉంటుంది, లోపలికి టికెట్టు లేదు, సూర్యోదయానికి తెరిచి సూర్యాస్తమయానికి మూసేస్తారు. అందుకే చలికాలంలో సాయంత్రందాకా ఆగకుండా ముందే బయల్దేరండి.

వెళ్లేముందు: అది జింజాయేనా?

జపాన్‌లో గుళ్లు రెండు రకాలు. జపాన్ సొంత మతమైన షింతో దేవతలవి జింజాలు, బుద్ధుడివి తెరాలు. పేరు చివర జింజా, జింగూ, తైషా, గూ అని ఉంటే షింతో. జి, దెరా, ఇన్ అని ఉంటే బౌద్ధం. టోక్యో అసకుసలో సెన్సోజి అనే పెద్ద బౌద్ధాలయం, దాన్ని ఆనుకునే అసకుస జింజా ఉంటాయి. పర్యాటకుల్లో చాలామంది రెండూ ఒకటే అనుకుని సెన్సోజిలో చప్పట్లు కొట్టి దణ్ణం పెడతారు. చప్పట్లు జింజాలో మాత్రమే. బౌద్ధాలయంలో చేతులు జోడిస్తే చాలు. పెద్ద పాత్రలో గుత్తులకొద్దీ అగరొత్తులు వెలుగుతూ పొగ కమ్ముకుంటోందంటే మీరున్నది బుద్ధుడి దగ్గరే. ఈ గుర్తులకు లొంగనివీ కొన్ని ఉన్నాయి. తొయోకవ ఇనారి అనే చోట జింజాల్లో ఉండే తోరీ ద్వారం, నక్క బొమ్మలు అన్నీ ఉంటాయి, కానీ అది జెన్ బౌద్ధుల గుడి. వెయ్యేళ్లకు పైగా కలిసి బతికిన రెండు మతాలను 1868లో ప్రభుత్వం ఆజ్ఞ వేసి విడదీస్తే, గోడ మధ్యలో పడిన ఇల్లులా మిగిలినవి ఇలాంటివి.

షింతోకి స్థాపకుడు లేడు. ఇదే మా వేదం అని చేతిలో పెట్టే పుస్తకమూ లేదు. 712లో రాసిన కొజికి, 720 నాటి నిహోన్ షోకిల్లో దేవతల పుట్టుక కథలున్నాయి కానీ వాటిని పారాయణం చేసేవాళ్లెవరూ నాకు కనబడలేదు. అక్కడి దేవతను కామి అంటారు. కామీలు ఎనభై లక్షలమంది. మన ముక్కోటి లాంటి లెక్కే అది, ఎవరూ తలలు లెక్కపెట్టలేదు. సూర్యదేవత అమతెరాసు కామి. వరిపంటను చూసే ఇనారి కామి. పాత దేవదారు చెట్టు కామి కావచ్చు, జలపాతం కావచ్చు. నారా దగ్గర ఓమివ జింజాలో గర్భగుడే కట్టలేదు, ఎదురుగా ఉన్న మివ కొండే దేవుడు. అరుణాచలం వెళ్లొచ్చినవాళ్లకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. మనుషులూ కామీలవుతారు. సుగవర నో మిచిజానె అనే పండితుణ్ణి నిందమోపి 901లో రాజధాని నుంచి వెళ్లగొట్టారు. 903లో ప్రవాసంలోనే పోయాడు. ఆ తర్వాత పిడుగులు, అరిష్టాలు వరసగా వస్తే అతని ఆగ్రహమేనని భయపడి గుడి కట్టారు. ఇప్పుడాయన చదువుల దేవుడు. తెన్మాంగూ అని పేరున్న ప్రతి జింజా ఆయనదే, పరీక్షల సీజన్లో పిల్లలతో కిటకిటలాడుతుంది.

ఇంట్లో ఎవరైనా పోతే జింజాకు వెళ్లకపోవడం అక్కడి ఆనవాయితీ. పాత లెక్క యాభై రోజులు. చావు వల్ల వచ్చేదాన్ని కెగరె అంటారు. మన మైలే అనుకోవచ్చు, పాపం కాదు, అంటుకునేది, కడిగితే పోయేది. షింతోలో పాపపుణ్యాల గురించి వినే దానికంటే ఈ మైల, శుద్ధి గురించే ఎక్కువ వింటారు. ముందు ముందు నీళ్ల దగ్గర ఇది గుర్తుకొస్తుంది.

చేతిలో ఏం పట్టుకెళ్లాలి? చిల్లర. కొబ్బరికాయ, పూలు, కర్పూరం ఏవీ వద్దు, ఇచ్చినా తీసుకునేవారుండరు. బట్టల నియమం లేదు, జీన్సు వేసుకుని వెళ్లొచ్చు. లోపల హాల్లో కూర్చుని ప్రత్యేక పూజ చేయించుకుంటేనే చెప్పులు విప్పాలి. ఆ రోజు చిరుగుల్లేని సాక్సు చూసుకోండి. దానికి చాలాచోట్ల 5,000 యెన్‌ల నుంచి మొదలు.

తోరీ దగ్గర

రెండు నిలువు స్తంభాలు, పైన రెండు అడ్డదూలాలు. తలుపులుండవు. ఇదే తోరీ. మన తోరణం నుంచే వచ్చిందని కొందరు పండితులంటారు, ఇంకా తేలలేదు. ఆ మాట రాసే అక్షరాలకు మాత్రం పక్షులుండే చోటు అని అర్థం.

దీని ముందు ఆగండి. టోపీ ఉంటే తీయండి. నడుము వంచి ఒకసారి నమస్కరించి లోపలికి అడుగు పెట్టండి. ఇవతల ఊరు, అవతల కామి ఉండే చోటు, అంతే తేడా. దారి మధ్యలోంచి కాకుండా ఓ పక్కగా నడవండి, నడుమ భాగం దేవుడి నడకకు. రద్దీలో ఎవరూ పట్టించుకోరు గానీ పెద్దవాళ్లను గమనించండి, అలవాటుగా పక్కకే జరుగుతారు.

మెయిజీ జింగూలో రెండో తోరీ 12 మీటర్ల ఎత్తు. తైవాన్ కొండల్లో 1,500 ఏళ్లు దాటిన సైప్రెస్ మానును తెచ్చి 1975లో నిలబెట్టారు. తల ఎత్తి చూడటానికి ఆగేవాళ్లు దాని కిందే ఆగుతారు, మీరు కాస్త పక్కకు జరగండి.

దారి, అంటే సాందో

నా మట్టుకు జింజాలో అసలు సంగతి ఈ దారే. మనవాళ్లు గుడికి వెళ్తే క్యూ ఎప్పుడు కదులుతుందా, దర్శనం ఎప్పుడవుతుందా అని లోపలికే చూస్తాం. ఇక్కడ చివర్న చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదని ముందే తెలిస్తే అడుగులు వాటంతటవే నెమ్మదిస్తాయి. హరాజుకు వైపు నుంచి ప్రధాన మందిరానికి సుమారు పది నిమిషాలు. గులకరాళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. స్టేషన్ అవతల ఫ్యాషన్ దుకాణాల హోరు ఎక్కడికి పోయిందో తెలియదు.

ఈ అడవి దానంతటది పెరిగింది కాదు. మెయిజీ చక్రవర్తి 1912లో, రాణి షోకెన్ 1914లో పోయారు. వాళ్ల కోసం ఈ గుడిని 1920లో ప్రతిష్ఠించారు. అప్పుడిక్కడ చాలామేర చెట్టు లేని నేల. దేశం నలుమూలల నుంచి జనం సుమారు లక్ష మొక్కలు పంపారు. ఏ చెట్టు ముందు పెరిగి ఏది తర్వాత దాన్ని మించుతుందో, నూట యాభై ఏళ్ల నాటికి మనిషి సాయం లేకుండా అడవి తనను తాను ఎలా చూసుకుంటుందో హోందా సెయిరొకు, ఆయన శిష్యులు లెక్కలు వేసి నాటించారు. ఆ ఊడ్చే ఆయన పోగుచేసిన ఆకులు చెత్తకుండీకి పోవు, తిరిగి అడవిలోనే చల్లుతారు. 1945 బాంబు దాడుల్లో గుడి కాలిపోయింది. ఇప్పుడు చూసేది 1958లో మళ్లీ కట్టింది. అడవి మాత్రం 1920 నాటిదే.

దారిలో ఓ పక్క తెల్లగడ్డి చుట్టిన సాకే పీపాల వరసలు కనిపిస్తాయి. సాకే అంటే బియ్యాన్ని పులియబెట్టి చేసే మద్యం, దాన్ని తయారుచేసేవాళ్లు సమర్పించిన పీపాలివి. గుళ్లో మందేమిటని ముఖం చిట్లించకండి. కామికి నైవేద్యం బియ్యం, ఉప్పు, నీళ్లతోపాటు చేప, సాకే కూడా. బోనాల్లో అమ్మవారికి కల్లు సాక పోసేవాళ్లకు ఇందులో వింతేముంది? సాకకీ సాకేకీ చుట్టరికం లేదులెండి, చెవికి మాత్రం భలే కలిశాయి. ఎదురువైపు ఫ్రాన్సు నుంచి వచ్చిన బర్గండీ వైన్ పీపాలున్నాయి. మెయిజీ చక్రవర్తికి పాశ్చాత్య భోజనం, వైన్ ఇష్టమట.

నీళ్ల దగ్గర

చిన్న పందిరి కింద రాతి తొట్టి, దాని మీద పొడవు కాడ గరిటెలు. ఇది తెమిజుయ. ఇది తాగే తీర్థం కాదు, గుర్తుంచుకోండి. గరిటెకు నోరు తగిలించొద్దు.

కుడిచేత్తో గరిటె నిండా నీళ్లు ముంచండి. మొత్తం పని ఈ ఒక్క గరిటెతోనే పూర్తి కావాలి, కాబట్టి పొదుపుగా. ముందు ఎడమచేయి కడగండి. గరిటె చేయి మార్చి కుడిచేయి. మళ్లీ కుడిచేతిలోకి తీసుకుని ఎడమ అరచేతిలో కాసిని పోసుకుని నోరు పుక్కిలించి, తొట్టిలో కాకుండా కింద ఉన్న కాలువలోకి మెల్లిగా వదలండి. ఎడమచేయి మరోసారి. చివర్న గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు కాడ వెంట జారి, మీరు పట్టుకున్న చోటు శుభ్రమవుతుంది. తర్వాతవాడి చేతికి మీ ఎంగిలి చేయి అంటకుండా అన్నమాట. ఎంగిలి అనే మాటకు ఇంగ్లీషులో మాట దొరకదు గానీ ఈ గరిటెలో దొరుకుతుంది.

కరోనా తర్వాత చాలా జింజాలు గరిటెలు తీసేశాయి. వెదురు గొట్టంలోంచి నీళ్లు కారుతుంటాయి, చేతులు తడుపుకుంటే చాలు. నోరు పుక్కిలించడం ఇష్టం లేకపోతే మానేయొచ్చు. జేబురుమాలు మాత్రం ఉంచుకోండి, తుడుచుకోవడానికి అక్కడేమీ పెట్టరు.

హుండీ ముందు: రెండు, రెండు, ఒకటి

ఎదురుగా కనిపించేది హైదెన్, అంటే మనం నిలబడి మొక్కే మంటపం. దాని వెనక హోందెన్‌లో కామి ఉంటుంది. అక్కడికి మనం వెళ్లం, అది కనిపించదు కూడా. లోపల సాధారణంగా అద్దమో, కత్తో, రాయో ఏదో ఒక వస్తువులో కామి కొలువై ఉంటుందని నమ్మకం. ఆ వస్తువును పూజారులు కూడా చూడని గుళ్లున్నాయి. తెర తీయడాలు, హారతులు, కళ్లకద్దుకోవడాలు ఏవీ లేవు. ఆ మాటకొస్తే దర్శనం అనే మాటను జింజా దగ్గర వాడటమే తప్పు.

వరస ఇది. కొయ్య పలకల హుండీలో నాణెం వేయండి, విసరకండి. గంట తాడు ఉంటే ఊపండి, మెయిజీ జింగూలాంటి పెద్ద గుళ్లలో ఉండకపోవచ్చు. నడుము నుంచి రెండుసార్లు లోతుగా వంగండి. చేతులు ఛాతీ ఎత్తులో కలిపి, కుడి అరచేతిని రవ్వంత కిందికి జరిపి రెండుసార్లు చప్పట్లు కొట్టండి. వేళ్లు మళ్లీ సమంగా కలిపి కళ్లు మూసుకుని మనసులో మాట చెప్పుకోండి. చివరగా ఒకసారి వంగి పక్కకు తప్పుకోండి. ఇదంతా ముప్ఫై సెకన్లు. ఇజుమో తైషాలోనూ ఉస జింగూలోనూ మాత్రం చప్పట్లు నాలుగు. ఈ రెండు-రెండు-ఒకటి పద్ధతి మెయిజీ కాలం తర్వాత స్థిరపడిందే కాబట్టి మీరు ఓ చప్పట అటూ ఇటూ కొడితే కొంపలేం మునగవు.

ఏం చెప్పుకోవాలి? చాలామంది జపనీయులు ముందు పేరు, ఉండే ఊరు చెప్పుకుంటారు. గోత్రనామాలు చెప్పుకునే మనకు ఇది ఇట్టే అలవాటవుతుంది. తర్వాత కృతజ్ఞత. కోరిక ఆ తర్వాత.

నాణెం ఎంత? 5 యెన్. నడిమధ్య చిల్లున్న పసుపుపచ్చ నాణెం, మీద వరికంకి ఉంటుంది. ఐదు యెన్‌లను గో-ఎన్ అంటారు. అదే పలుకుబడికి మంచి సంబంధం అనే అర్థమూ ఉంది. ఈ ఎన్ అనే మాటను ఇంగ్లీషులోకి తేవడానికి అందరూ అవస్థపడతారు, మనం ఋణానుబంధం అనేస్తే సరిపోతుంది. వెయ్యి యెన్ నోటు వేస్తే పుణ్యం ఎక్కువని అక్కడెవరూ అనగా నేను వినలేదు.

తర్వాత కౌంటరు దగ్గర

ఇప్పుడు ఖర్చు మొదలవుతుంది, కాస్త ఆగి ఎంచుకోండి. ఒమామొరి అంటే పట్టుగుడ్డ సంచిలో కట్టిన తాయెత్తు. చదువుకు, ప్రయాణానికి, సుఖప్రసవానికి వేర్వేరుగా ఉంటాయి. విప్పి లోపలేముందో చూడకూడదు. ఏడాదయ్యాక గుడికే తిరిగిచ్చేస్తే దహనం చేస్తారు.

ఎమా అనేది చిన్న చెక్కపలక. పూర్వం గుడికి గుర్రాన్ని దానమిచ్చేవారు, గుర్రం ఇవ్వలేనివాళ్లు గుర్రం బొమ్మ ఇచ్చారు, అదే ఇలా మారింది. పేరులో ఇప్పటికీ గుర్రం ఉంది. వెనకవైపు కోరిక రాసి అక్కడే తగిలిస్తారు. ఏ భాషలోనైనా రాయొచ్చు, తెలుగులో రాస్తే రహస్యం కూడా దక్కుతుంది. అలా అని పూర్తి పేరు, ఇంటి అడ్రసు రాసేయకండి, అవి అందరూ చదివేలా వేలాడుతుంటాయి. ఇతరుల ఎమాలను ఫొటో తీసి పెట్టడం నాకైతే ఉత్తరం విప్పి చదివినట్టే అనిపిస్తుంది.

ఒమికుజి జోస్యం చీటీ. దైకిచి వస్తే మహా శుభం, క్యో వస్తే అశుభం. చెడుది వస్తే అక్కడి తీగకు కట్టి వచ్చేస్తారు, ఇంటికి తేరు. మెయిజీ జింగూలో శుభాశుభాలుండవు, చక్రవర్తి, రాణి రాసిన వాకా పద్యాల్లో ఒకటి వస్తుంది. జోస్యం అడిగినవాడికి పద్యం ఇవ్వడం నాకు బాగా నచ్చింది. ఇంగ్లీషులోనూ దొరుకుతుంది.

గోషుయిన్ కోసం దానికని అమ్మే మడతల పుస్తకం కొనండి. అందులో పూజారి కుంచెతో గుడి పేరు, తేదీ రాసి ఎర్ర ముద్ర వేస్తారు. సాధారణంగా 500 యెన్. మామూలు నోటుబుక్కు చాపితే చాలాచోట్ల ఒప్పుకోరు.

ఫొటోల విషయం ఒక్క ముక్క: ఆవరణలో తీసుకోండి, హైదెన్ లోపలికి గురిపెట్టొద్దు. వారాంతాల్లో ఎర్ర గొడుగు కింద పెళ్లి ఊరేగింపు వెళ్తుంటే దారివ్వండి, వధువు ముందుకెళ్లి సెల్ఫీ అడగడం చూశాను, చూసిన నాకు సిగ్గేసింది.

ఇంకో రోజుంటే

క్యోటోలో ఫుషిమి ఇనారికి వెళ్తే తెల్లవారుజామునే వెళ్లండి, ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. 711 నుంచి ఉందని చెప్పే గుడి. 233 మీటర్ల కొండ మీదికి సుమారు పదివేల సింధూరవర్ణం తోరీలు. ఎక్కేటప్పుడు ఖాళీగా కనిపించిన స్తంభాల మీద దిగేటప్పుడు అక్షరాలుంటాయి, కట్టించిన కంపెనీ పేరు, తేదీ. మన గుళ్లో ఫ్యాను రెక్కల మీద ఫలానావారి జ్ఞాపకార్థం అని ఉండదూ, అలాగే.

గుడి ముందు కూర్చున్న సింహాల జంటను, ఇక్కడైతే నక్కల జంటను చూడండి. సింహాల్లో సాధారణంగా ఒకటి నోరు తెరిచి, ఒకటి మూసి ఉంటుంది. మొదటిది అ, రెండోది ఊం. సంస్కృత అక్షరమాల మొదలు, తుది, బౌద్ధంతోపాటు సముద్రం దాటి వచ్చాయి. ఇలాంటి ప్రయాణికులు ఇంకా ఉన్నారు. టోక్యోకు దగ్గర్లోని ఎనోషిమా దీవిలో వీణలాంటి బివ వాయించే బెంజైతెన్ మన సరస్వతే. కగవలోని కొంపిరా గుడికి 785 మెట్లెక్కాలి. ఆ కొంపిరా ఎవరో కాదు, కుంభీరం, గంగలోని మొసలి. నావికుల దేవుడయ్యాడు.

ఇసే జింగూ ఇంకో రకం. ఇరవై ఏళ్లకోసారి పక్కనున్న ఖాళీ స్థలంలో అచ్చం అలాంటి కొయ్య గుడినే కొత్తగా కట్టి దేవతను తరలిస్తారు. 2013లో 62వసారి జరిగింది, తర్వాతిది 2033లో. కట్టడం కంటే కట్టే చేతిపని మిగలాలన్న ఆలోచన.

టోక్యోలోని యసుకునికి వెళ్లేముందు మాత్రం చరిత్ర చదువుకుని వెళ్లండి. యుద్ధంలో పోయినవాళ్లను కొలిచే ఆ గుడిలో 1978లో 'క్లాస్-ఎ' అనే వర్గానికి చెందిన యుద్ధ నేరస్థులు 14 మందినీ చేర్చారు. అక్కడ తలవంచడానికి చైనా, కొరియాల్లో వేరే అర్థం ఉంది.

తిరిగొచ్చేటప్పుడు తోరీ దాటాక ఆగి, గుడివైపు తిరిగి మరోసారి వంగండి. తర్వాత ఆకలేస్తుంది. ఇనారి గుళ్ల బయట అమ్మే ఇనారిజుషి, అన్నం కూరిన తోఫు సంచి, చూడ్డానికి శుద్ధ శాకాహారమే. కానీ ఆ తోఫును ఉడికించే దాషి రసం సాధారణంగా ఎండుచేపతో కాస్తారు. మీరు శాకాహారులైతే "కత్సువో దాషి దెసు కా" అని అడిగి తీసుకోండి.